తేదీ రాసుకోండి: సుఖవ్యాధి భయం పట్టుకుంటే ఏ పరీక్ష ఎప్పుడు

“మేడమ్, మా ఫ్రెండ్‌కి ఒక డౌట్ ఉందట.”

ప్రభుత్వాసుపత్రి ఐసీటీసీ, అంటే హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్ష చేసే గదిలో కౌన్సెలర్‌గా కూర్చున్నన్నాళ్లూ నేను ఎక్కువసార్లు విన్న మొదటి మాట ఇదే. ఆ ఫ్రెండ్ నా ఎదురుగానే కూర్చున్నాడని ఇద్దరికీ తెలుసు. నేనెప్పుడూ ఆ మాట సరిదిద్దలేదు. “జరిగి ఎన్ని రోజులైందో కనుక్కోండి” అని మాత్రం అడిగేదాన్ని.

దానికి చాలామంది దగ్గర జవాబు ఉండేది కాదు. నిద్ర లేని రాత్రులు ఎన్నో చెప్పేవాళ్లు. ఫోన్లో ఏమేం చదివారో చెప్పేవాళ్లు. తేదీ అడిగితే “పండక్కి ముందు, ఆ టైములో” అనేవాళ్లు. ఏ మందుకు ఇంకా గడువుందో, ఏ పరీక్ష తొందరపాటో, ఏ రిపోర్టు నమ్మొచ్చో, అన్నీ తేలేది ఆ తేదీ మీదే. నాలుగో రోజున పరీక్ష చేయించుకుని నెగటివ్ వచ్చిందని ఊపిరి పీల్చుకున్నవాళ్లనూ చూశాను, ఏడాది దాటినా భయంతో పరీక్ష జోలికే పోనివాళ్లనూ చూశాను. ఇద్దరికీ ఉపయోగపడాలని ఇది రాస్తున్నాను.

ముందు ఒక కాగితం తీసుకోండి

పైన తేదీ వేయండి, గుర్తుంటే టైము కూడా. కింద ఏం జరిగిందో నాలుగు ముక్కల్లో రాయండి. యోని ద్వారా కలిశారా, మలద్వారం ద్వారానా, నోటితోనా. కండోమ్ మొదటి నుంచి చివరిదాకా ఉందా, మధ్యలో తీసేశారా, చిరిగిందా, జారిపోయిందా. అవతలి మనిషికి జబ్బుందని మీకు ఖాయంగా తెలుసా, మీ ఊహేనా. ఈ కాగితం ఎవరికీ చూపించక్కర్లేదు. డాక్టరు ముందు కూర్చున్నప్పుడు నోరు పెగలదు, అప్పుడు ఇదే ఆసరా. పని అయ్యాక చించేయండి.

రాశాక ఒకసారి చదువుకోండి. మీరు రాసింది కౌగిలింత, చేతితో తాకడం, ఒకే కంచంలో తినడం, ఒకే టాయిలెట్ వాడటం, దోమ కుట్టడం లాంటిదైతే హెచ్‌ఐవీకి అక్కడ దారే లేదు. ముద్దుతో హెచ్‌ఐవీ రాదు. నోటి చుట్టూ పొక్కులున్న మనిషిని ముద్దు పెట్టుకుంటే హెర్పిస్ రావచ్చు, నోట్లో సిఫిలిస్ పుండు ఉంటే అదీ రావచ్చు. ఓరల్ సెక్స్‌తో హెచ్‌ఐవీ సోకే అవకాశం దాదాపు లేనట్టే, అయితే గనేరియా, సిఫిలిస్, హెర్పిస్ ఆ దారిన కూడా వస్తాయి.

కండోమ్ లేకుండా కలిసిన మాట నిజమే అయితే, హెచ్‌ఐవీ గురించి ఒక లెక్క చెప్తాను. అవతలి వ్యక్తికి హెచ్‌ఐవీ ఉండి, మందులు వాడకుండా ఉంటే, అలాంటి 10,000 కలయికల్లో యోని సంభోగంలో స్త్రీకి సోకేది సుమారు 8 సార్లు, పురుషుడికి సుమారు 4 సార్లు. మలద్వారం ద్వారా స్వీకరించేవారికి సుమారు 138 సార్లు. ఇద్దరిలో ఎవరికైనా అక్కడ పుండు ఉంటే ఈ అంకెలు పెరుగుతాయి. ఒక్కసారికే సోకినవాళ్లూ ఉన్నారు కాబట్టి ఈ లెక్క చూసి పరీక్ష మానేయొద్దు. రాత్రి రెండింటికి లేచి కూర్చుని “అయిపోయింది నా బతుకు” అనుకునేవాళ్ల కోసం చెప్పాను.

ఇంకో మాట. ఇరవై ఏళ్ల కిందట ఊరూరా హోర్డింగుల మీద “పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?” అని చూసిన తరం మనది. ఆ ప్రచారం ఎయిడ్స్‌ను అందరి నోటా పలికించింది, మంచిదే. కానీ మనవాళ్ల మనసులో సుఖవ్యాధి అంటే హెచ్‌ఐవీ ఒక్కటే అన్నట్టు ఉండిపోయింది. సిఫిలిస్, గనేరియా, క్లమిడియా, ట్రైకోమొనియాసిస్, ఈ నాలుగే ప్రపంచంలో రోజుకు 10 లక్షలకు పైగా మందికి కొత్తగా సోకుతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. నాలుగూ మందులతో పూర్తిగా తగ్గేవే. హెచ్‌ఐవీ నెగటివ్ రాగానే ఇంటికెళ్లిపోయేవాళ్లు వీటిని వెంట తీసుకుపోతారు.

72 గంటలు దాటలేదా? మిగతాది తర్వాత చదవండి

హెచ్‌ఐవీ సోకకుండా ఆపే మందు ఉంది. దాన్ని పెప్ అంటారు. జరిగిన 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత ముందైతే అంత మంచిది, 28 రోజులు ఒక్కరోజూ మానకుండా వేసుకోవాలి. 72 దాటాక మొదలుపెట్టి లాభం లేదు. అందుకే రేపు పొద్దున చూద్దాం అనుకోకుండా రాత్రయినా పెద్దాసుపత్రి క్యాజువాల్టీకి వెళ్లండి. “హెచ్‌ఐవీ రిస్క్ జరిగింది, పెప్ కావాలి” అని సూటిగా చెప్పండి. సర్కారు దవాఖానాల్లో ఈ మందును ముఖ్యంగా సూది గుచ్చుకున్న సిబ్బందికీ, అత్యాచార బాధితులకూ పెడతారు. మీకు అక్కడ కాదంటే వాదిస్తూ కూర్చోకండి. ప్రైవేటులో జనరల్ ఫిజీషియన్ గానీ, చర్మ సుఖవ్యాధుల డాక్టరు గానీ రాసిస్తారు. గంటలు కరిగిపోతుంటాయి, అదొక్కటే గుర్తుంచుకోండి. కండోమ్ చిరగకుండా చివరిదాకా ఉంటే, లేదా జరిగింది ఓరల్ సెక్స్ మాత్రమే అయితే, సాధారణంగా పెప్ అవసరం పడదు.

గర్భం వస్తుందన్న భయం ఉన్న స్త్రీలకు అత్యవసర గర్భనిరోధక మాత్ర కూడా 72 గంటల్లోపే. ఇది కూడా ఎంత త్వరగా వేసుకుంటే అంత బాగా పనిచేస్తుంది. మందుల షాపులో చీటీ లేకుండానే దొరుకుతుంది. అది గర్భాన్ని ఆపుతుందే గానీ జబ్బును ఆపదు.

హెపటైటిస్ బి టీకా గురించి ఎవరూ అడగరు. ఇదీ కలయికతో సోకే కాలేయ జబ్బే. చిన్నప్పుడు ఆ టీకా వేయించుకోనివాళ్లు, అసలు వేయించారో లేదో తెలియనివాళ్లు, వీలైతే 24 గంటల్లో మొదటి డోసు వేయించుకోవాలి. ఒకటి రెండు రోజులు దాటినా డాక్టరును అడగండి.

జరిగింది మీ ఇష్టంతో కాకపోతే, ప్రభుత్వాసుపత్రి అయినా ప్రైవేటు అయినా మీకు వెంటనే ఉచితంగా వైద్యం చేయాలని చట్టం చెప్తోంది. స్నానం చేయకముందే, బట్టలు ఉతకకముందే వెళ్లగలిగితే మంచిది. వెళ్లలేకపోయినా, రెండు రోజులు గడిచినా వెళ్లండి. 181కి ఫోన్ చేస్తే, బాధిత స్త్రీలకు సాయపడే సఖి కేంద్రం వాళ్లు తోడు వస్తారు. తప్పు మీది కాదు. ఆ మాట ఎవరూ చెప్పకపోతే నేను చెప్తున్నాను.

ఒంటి మీద ఏదైనా కనిపిస్తుంటే రోజులు లెక్కపెట్టకండి

కింద చెప్పబోయే రోజుల లెక్కంతా ఏ లక్షణమూ లేనివాళ్లకు. లక్షణం కనిపించిన రోజే డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

మగవాళ్లకు మూత్రంలో మంట, లోపలి బట్టలకు అంటేలా చీము. మన పెద్దలు సెగ అనేది దీన్నే. గనేరియా అయితే సాధారణంగా రెండు నుంచి ఏడు రోజుల్లో బయటపడుతుంది. స్త్రీలకు పసుపు, ఆకుపచ్చ రంగులో గానీ దుర్వాసనతో గానీ తెల్లబట్ట, పొత్తికడుపులో నొప్పి, కలిసినప్పుడు నొప్పి, నెలసరి మధ్యలో రక్తం. ఎవరికైనా చిన్న చిన్న నీటి పొక్కులు గుంపుగా వచ్చి పగిలి మండితే హెర్పిస్ కావచ్చు. కాలీఫ్లవర్ పువ్వులా పెరిగే పులిపిర్లు హెచ్‌పీవీ అనే వైరస్‌వి. గజ్జల్లో బిళ్లలు కట్టడం కూడా చూపించుకోవాల్సిందే.

అన్నిటికంటే నేను భయపడేది నొప్పి లేని పుండుకు. సిఫిలిస్‌ను పాతకాలంలో సవాయి అనేవాళ్లు. సుమారు మూడు వారాలకు, ఒక్కొక్కరికి పది రోజులకే, మరికొందరికి మూడు నెలలకు, ఒకే ఒక్క గట్టి పుండు లేస్తుంది. నొప్పి ఉండదు, దురద ఉండదు. కొన్ని వారాల్లో దానంతట అదే మానిపోతుంది. మనిషి “తగ్గిపోయింది, దేవుడు కాపాడాడు” అనుకుంటాడు. క్రిమి మాత్రం రక్తంలోకి దిగి ఉంటుంది. తర్వాత అరచేతులు, అరికాళ్ల మీద కూడా దద్దు వస్తుంది, అదీ పోతుంది. ఏళ్ల తర్వాత గుండె, మెదడు, కళ్లు దెబ్బతింటాయి. తొలిదశలో పట్టుకుంటే బెంజథైన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ ఒక్కసారి చేస్తే చాలు. ఎనభై ఏళ్ల నాటి పెన్సిలిన్ ఈ జబ్బు మీద ఇప్పటికీ గురి తప్పలేదు. అందుకే మానిపోయిన పుండును కూడా డాక్టరుకు చెప్పండి.

కనిపించేదంతా జబ్బు కాదు. అంగం శిఖ చుట్టూ పూసలు గుచ్చినట్టు వరుసగా ఉండే చిన్న బుడిపెలు, చర్మం కింద కనిపించే పసుపు తెలుపు చుక్కలు చాలామంది మగవాళ్లకు సహజంగా ఉండే చర్మ స్వభావమే. అవి ఎప్పటి నుంచో ఉంటాయి, భయం పట్టాకే కంట పడతాయి. స్త్రీలకు పెరుగు విరిగినట్టు తెల్లబట్ట, దురద ఉంటే ఎక్కువగా ఫంగస్. షుగరున్నవాళ్లకూ, యాంటీబయాటిక్స్ వాడినవాళ్లకూ వస్తుంది, అక్రమ సంబంధానికి సాక్ష్యం కాదు. ఆ ఒక్క అపోహతో కాపురాలు పాడైన ఇళ్లు నాకు తెలుసు.

జ్వరం, గొంతు నొప్పి, ఒంటి మీద దద్దు చూసి హెచ్‌ఐవీ అని మీకు మీరే తేల్చుకోకండి. సోకిన రెండు నుంచి నాలుగు వారాల్లో కొందరికి ఇలా వస్తుంది, నిజమే. వానాకాలంలో వైరల్ జ్వరానికీ డెంగీకీ కూడా ఇవే లక్షణాలు. రక్తపరీక్ష ఒక్కటే తేలుస్తుంది.

దయచేసి చేయకూడని పని ఒకటుంది. మందుల షాపుకెళ్లి గొంతు తగ్గించి “మంటకు ఏదైనా ఇవ్వండి” అనడం. ఇచ్చేది తరచూ సిప్రోఫ్లాక్సాసిన్. గనేరియా క్రిమి దానికి చాలా చోట్ల లొంగడం లేదు. చీము కాస్త తగ్గుతుంది, జబ్బు లోపల ఉండిపోతుంది, ఆ తర్వాత చేసే పరీక్ష కూడా సరిగా చెప్పదు. గోడల మీద, బస్టాండు మరుగుదొడ్ల దగ్గర “గుప్తరోగాలు, నరాల బలహీనత గ్యారంటీ” అని రాసుండే చోట్లకు అసలు పోవద్దు. వేలకు వేలు భస్మాలకు పోసి, చివరికి సిఫిలిస్ ముదిరాక మా దగ్గరకు వచ్చినవాళ్లున్నారు.

ఏ లక్షణమూ లేకపోతే, ఏ పరీక్షకు ఎన్నాళ్లు ఆగాలి

క్రిమి ఒంట్లోకి వచ్చిన వెంటనే పరీక్షకు దొరకదు. దొరికేంతగా పెరగడానికి పట్టే కాలాన్ని విండో పీరియడ్ అంటారు. ఈ ఒక్క ముక్క అర్థమైతే సగం గందరగోళం పోతుంది.

హెచ్‌ఐవీతో మొదలుపెడదాం. ల్యాబులో చేతి నరం నుంచి రక్తం తీసి చేసే ఫోర్త్ జనరేషన్ పరీక్ష, అంటే యాంటిజెన్ (వైరస్ ముక్క), యాంటీబాడీ (వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసుకునేది) రెండూ చూసేది, సోకిన 18 నుంచి 45 రోజుల మధ్య పట్టుకుంటుంది. 45 రోజులు నిండాక దీనిలో నెగటివ్ వస్తే నమ్మొచ్చు. వేలు గుచ్చి చుక్క రక్తంతో చేసే ర్యాపిడ్ కిట్‌కూ, యాంటీబాడీ ఒక్కటే చూసే పరీక్షకూ 90 రోజులు నిండాలి. వైరస్ జన్యుపదార్థాన్నే వెతికే న్యాట్ పరీక్ష 10 నుంచి 33 రోజుల్లో పట్టుకోగలదు, కానీ ఖరీదెక్కువ, అందరికీ అవసరం లేదు. ప్రైవేటు ల్యాబులో “ఇది ఏ జనరేషన్ కిట్?” అని అడగడానికి మొహమాటపడకండి. ఆ జవాబును బట్టే 45 రోజులా, 90 రోజులా అన్నది. పెప్ వాడినవాళ్లకు ఈ లెక్క మారుతుంది. మందు వల్ల ఫలితం ఆలస్యం కావచ్చు కాబట్టి డాక్టరు రాసిచ్చిన తేదీలనే పాటించండి.

సిఫిలిస్‌కు వీడీఆర్‌ఎల్ లేదా ఆర్‌పీఆర్ అనే రక్తపరీక్ష. ఆరు వారాలకు ఒకసారి, మూడు నెలలకు ఒకసారి చేయించుకుంటే అనుమానం మిగలదు. హెచ్‌ఐవీ పరీక్షకు వెళ్లిన రోజే, అదే రక్తంతో చేయించేయండి, ఇంకోసారి సూది అక్కర్లేదు.

గనేరియా, క్లమిడియాలకు రక్తపరీక్ష పనికిరాదు. మూత్రం గానీ, స్వాబ్ (దూది పుల్లతో తీసే నమూనా) గానీ తీసి న్యాట్ పద్ధతిలో చేస్తారు, పీసీఆర్ అంటే ల్యాబువాళ్లకు అర్థమవుతుంది. రెండు వారాలు ఆగితే చాలు. మగవాళ్లు మూత్రం ఇవ్వడానికి ముందు కనీసం గంటసేపు మూత్రానికి వెళ్లకూడదు. మామూలు మూత్ర పరీక్షకు మధ్యధార ఇవ్వమంటారు కదా, దీనికి మొదట వచ్చే ధారే పట్టాలి. స్త్రీలకు మూత్రం కంటే యోని స్వాబ్ నమ్మకమైనది. గొంతుతో, మలద్వారంతో కలయిక జరిగితే అక్కడి నుంచే స్వాబ్ తీయాలి. మూత్రంలో నెగటివ్ వచ్చినంత మాత్రాన గొంతులో లేదని కాదు. పెద్ద ల్యాబుల్లోనే ఇది దొరుకుతుంది, ధర కూడా కాస్త ఎక్కువే.

హెపటైటిస్ బికి హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష. ఎక్కువమందిలో నెల నాటికి తెలుస్తుంది, మూడు నెలలకు మళ్లీ చేయిస్తే ఖాయం. హెపటైటిస్ సి యాంటీబాడీకి మూడు నెలలు వేసుకోండి.

హెర్పిస్‌కు లక్షణం లేనప్పుడు రక్తపరీక్ష వద్దు. ప్యాకేజీల్లో పెట్టి అమ్ముతుంటారు. పెద్దవాళ్లలో చాలామందికి చిన్నతనంలోనే నోటి హెర్పిస్ సోకి ఉంటుంది, రిపోర్టు పాజిటివ్ వస్తుంది, ఎప్పుడు వచ్చిందో ఎక్కడ వచ్చిందో అది చెప్పదు. మనశ్శాంతి పోవడం తప్ప ఫలితం లేదు. పొక్కు లేచినప్పుడు దాని నుంచే స్వాబ్ తీయించాలి. హెచ్‌పీవీకి మగవాళ్లకు వాడుకలో పరీక్ష లేదు. ఎక్కువమందిలో ఏడాది రెండేళ్లలో దానంతట అదే పోతుంది. స్త్రీలు ముప్ఫై దాటాక గర్భాశయ ముఖద్వారం పరీక్ష చేయించుకుంటే సరిపోతుంది.

ఇదంతా కలిపి ఆచరణలో చెప్పాలంటే మూడు తేదీలు. రెండు వారాలకు మూత్రం లేదా స్వాబ్. ఏడు వారాలకు హెచ్‌ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి. మూడు నెలలకు చివరిసారి రక్తం. కాగితం మీద వేసిన తేదీకి ఇవి కలుపుకుని ఫోన్లో గుర్తు పెట్టేసుకోండి. మధ్యలో చేయించే పరీక్షలు డబ్బు దండగ.

మరో మాట, “ఫుల్ బాడీ చెకప్ చేయించాను, అన్నీ నార్మల్” అనేవాళ్లు చాలామంది. ఆ ప్యాకేజీల్లో సాధారణంగా షుగరు, కొలెస్ట్రాల్, థైరాయిడ్, లివర్ ఉంటాయి. పేరు పెట్టి అడిగితే తప్ప ఈ పరీక్షలు చేయరు.

ఆ మూడు నెలలు ఇంట్లో ఎలా ఉండాలి

భార్యతో గానీ భర్తతో గానీ, ఇంకెవరితో అయినా గానీ, కండోమ్ లేకుండా కలవొద్దు. చెప్పలేని పరిస్థితి అయితే ఇన్‌ఫెక్షన్‌కు మందులు వాడుతున్నానని చెప్పి కొన్నాళ్లు దూరంగా ఉన్నవాళ్లున్నారు. అబద్ధం చెప్పమని నేను అననుగానీ, అవతలి మనిషి ఒంటికి ముప్పు రాకుండా చూడటం మీ చేతిలోని పని.

రక్తదానం చేయొద్దు. ఉచితంగా పరీక్ష అయిపోతుంది కదా అని బ్లడ్ బ్యాంకుకు వెళ్లేవాళ్లున్నారు. దానం చేసిన రక్తాన్ని హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియాకు పరీక్షిస్తారు, నిజమే. కానీ మీరు విండో పీరియడ్‌లో ఉంటే ఆ పరీక్షకూ దొరక్కపోవచ్చు. ఆ రక్తం ఎక్కేది తలసీమియా ఉన్న పసిబిడ్డకు కావచ్చు, కాన్పులో ఉన్న తల్లికి కావచ్చు.

ఎక్కడికి వెళ్లాలి

జిల్లా ఆసుపత్రుల్లో, బోధనాసుపత్రుల్లో, చాలా ఏరియా ఆసుపత్రుల్లో ఐసీటీసీ ఉంటుంది. హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం. సుఖవ్యాధులకు సురక్ష క్లినిక్ అని బోర్డు ఉంటుంది, లేకపోతే చర్మ సుఖవ్యాధుల ఓపీ. అడ్రసు తెలియకపోతే 1097కు ఫోన్ చేయండి, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నడిపే ఉచిత నంబరు, మీ పేరు చెప్పక్కర్లేదు.

లోపల ఏం జరుగుతుందో తెలియక గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయినవాళ్లను కిటికీలోంచి చూసేదాన్ని. అందుకే చెప్తున్నాను. తలుపు వేస్తారు. కౌన్సెలర్ మీతో మాట్లాడుతుంది, పరీక్ష అంటే ఏమిటో చెప్తుంది, మీరు ఒప్పుకుంటేనే రక్తం తీస్తారు. మీకు నంబరు ఇస్తారు. రిపోర్టు ఎక్కువగా అదే రోజు, మీ చేతికే ఇస్తారు. వరండాలో పేరు పెట్టి పిలిచి అరవరు. 2017లో చేసిన హెచ్‌ఐవీ ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. మీ అంగీకారం లేకుండా పరీక్ష చేయడం, మీ ఫలితాన్ని ఇంకొకరికి చెప్పడం, దాన్ని చూపి ఉద్యోగం తీసేయడం ఆ చట్టం ప్రకారం నేరుగా నిషేధం. మా ఊళ్లో అందరూ తెలిసినవాళ్లే అనుకుంటే పక్క జిల్లాకు వెళ్లండి, ఎవరూ కాదనరు.

సురక్ష క్లినిక్‌లో చాలాసార్లు పరీక్ష ఫలితం కోసం ఆగకుండా లక్షణాన్ని బట్టి మందు పెట్టె ఇస్తారు. చీముకు ఒక రంగు, పుండుకు ఒక రంగు, తెల్లబట్టకు ఇంకో రంగు. చూసి “ఏదో అంచనాగా ఇచ్చారు” అనుకోకండి, రోగి మళ్లీ రాకపోవచ్చన్న ఆలోచనతో దేశమంతా పాటించే పద్ధతి అది. పూర్తిగా వాడండి.

గల్ఫ్‌కు వెళ్లబోయేవాళ్లకు ఒక సలహా. వీసా మెడికల్‌లో హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్ పరీక్షలుంటాయి. ఏజెంటుకు అప్పు తెచ్చి కట్టకముందే ఇక్కడ చేయించుకోండి. అమెరికాలో చదువుకునే పిల్లలకు యూనివర్సిటీ హెల్త్ సెంటర్, కౌంటీ ఆరోగ్య విభాగం క్లినిక్‌లు ఉన్నాయి. ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్ సెక్సువల్ హెల్త్ క్లినిక్‌లలో పరీక్షా, చికిత్సా ఉచితం.

రిపోర్టు చేతికొచ్చాక

నాన్ రియాక్టివ్ అంటే నెగటివ్. రోజులు నిండాయా లేదా చూసుకోండి, నిండితే అది తుది మాట.

హెచ్‌ఐవీ మొదటి కిట్‌లో రియాక్టివ్ వస్తే అక్కడితో పాజిటివ్ అయిపోయినట్టు కాదు. ఐసీటీసీలో మూడు వేర్వేరు కిట్లతో చూసి, మూడూ రియాక్టివ్ అయితేనే పాజిటివ్ అని రాస్తారు. ప్రైవేటులో ఒక్క కార్డు చూసి చెప్పేస్తే ఐసీటీసీకి వెళ్లి ఖాయం చేసుకోండి. ఖాయమైతే ఏఆర్‌టీ కేంద్రంలో మందులు ఉచితం, చాలామందికి రోజుకు ఒక్క మాత్ర. మానకుండా వాడి రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంత తగ్గి, అలాగే నిలిస్తే కలయిక ద్వారా ఇంకొకరికి సోకదు. పెళ్లి చేసుకుని, జబ్బు సోకని బిడ్డలను కన్నవాళ్లు నా దగ్గరకు మిఠాయి తెచ్చారు.

వీడీఆర్‌ఎల్ తక్కువ అంకెతో, 1:2 లాగా, రియాక్టివ్ వస్తే కంగారు పడకండి. గర్భం, ఈమధ్యే వచ్చిన వైరల్ జ్వరం, కుష్ఠు, కీళ్లవాతంలాంటి జబ్బులున్నప్పుడు కూడా అలా రావచ్చు. టీపీహెచ్‌ఏ అనే మరో సిఫిలిస్ రక్తపరీక్షతో నిర్ధారించాలి. చికిత్స తర్వాత టీపీహెచ్‌ఏ ఎక్కువమందిలో జన్మంతా పాజిటివ్‌గానే ఉంటుంది, మందు పనిచేయలేదని కాదు. చూడాల్సింది వీడీఆర్‌ఎల్ అంకె: 1:32 ఉన్నది నెలల్లో 1:8కో ఇంకా కిందికో దిగితే నయమవుతున్నట్టు. పెన్సిలిన్ వేసిన రోజున జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తే చచ్చిన క్రిముల వల్ల వచ్చేది కావచ్చు, ఒక రోజులో పోతుంది. పెన్సిలిన్ పడదని తెలిస్తే మాత్రం ముందే చెప్పాలి.

భాగస్వామికి చెప్పడం

ఇది అన్నిటికంటే కష్టమైన అడుగు. తెల్లబట్టకు మూడు సార్లు మందులు వాడినా తగ్గలేదని ఒక అమ్మాయి వచ్చేది. భర్తకు ఏ బాధా లేదు కాబట్టి అతను ఎప్పుడూ రాలేదు. ఆమెకు తగ్గినప్పుడల్లా మళ్లీ అతని నుంచే వచ్చేది. నాలుగోసారి అతను వచ్చాడు, ఇద్దరూ ఒకేసారి మందు వేసుకున్నారు, ఆగిపోయింది. గనేరియా, క్లమిడియా స్త్రీలలో చాలాసార్లు ఏ లక్షణమూ లేకుండానే గర్భనాళాలను మూసేస్తాయి, పిల్లలు పుట్టరు. ఆ తర్వాత గొడ్రాలన్న మాట ఆమె మీదే పడుతుంది. కాబట్టి చెప్పాలి.

ఎవరి తప్పో తేల్చే పంచాయితీగా మొదలుపెట్టకండి. “నాకు ఇన్‌ఫెక్షన్ ఉందని తేలింది, డాక్టరు ఇద్దరినీ మందు వాడమన్నారు, నీకు ఇబ్బంది రాకూడదని చెప్తున్నాను” అంటే చాలు. ఒంటరిగా చెప్పలేకపోతే కౌన్సెలర్ ముందు కూర్చుని చెప్పండి. చెబితే కొడతారన్న భయం ఉన్న స్త్రీలు ఆ మాట కౌన్సెలర్‌కు ముందే చెప్పండి, తొందరపడొద్దు. ఇద్దరూ మందు వేసుకున్నాక కనీసం ఏడు రోజులు కలవకూడదు. గర్భిణి అయితే అదే రోజు డాక్టరుకు తెలియాలి.

అన్నీ నెగటివ్ వచ్చినా భయం పోకపోతే

ఒకబ్బాయి నాకు బాగా గుర్తు. పదకొండు రిపోర్టులు, అన్నీ నెగటివ్, ఫైలులో తేదీల వారీగా పెట్టుకుని వచ్చాడు. పన్నెండోది చేయమన్నాడు. నాలుక తెల్లగా ఉందని, గజ్జల్లో ఏదో తగులుతోందని రోజంతా తడుముకునేవాడు. రోజూ వత్తితే బిళ్ల వాచే ఉంటుంది. నేను రక్తం తీయించలేదు. ఎదురుగా కూర్చోబెట్టి, సైకియాట్రీ ఓపీకి తోడు వెళ్లాను. అతనికి ఉన్న బాధ నిజం, జబ్బు మాత్రం రక్తంలో లేదు. కొందరికి చేసిన పని మీద అపరాధ భావమే జబ్బు రూపంలో వెంటాడుతుంది.

రోజులు నిండాక వచ్చిన నెగటివ్ తర్వాత కూడా మళ్లీ మళ్లీ పరీక్షలకు వెళ్తున్నా, రోజూ గంటలకొద్దీ దీని గురించే వెతుకుతున్నా, చావాలనిపిస్తున్నా, 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ అది, ఉచితం, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు. మూడు నెలల మందులతో, మాటలతో ఆ అబ్బాయి తేరుకున్నాడు. ఆ ఫైలు నా దగ్గరే వదిలి వెళ్లాడు.

ఇకముందు

భాగస్వాములు మారుతుంటే ఏడాదికోసారి, ఎక్కువమంది ఉంటే మూడు నుంచి ఆరు నెలలకోసారి పరీక్ష. పురుషులతో కలిసే పురుషులు, ట్రాన్స్ వ్యక్తులు మూడు నెలల లెక్క పెట్టుకుంటే మంచిది. హెచ్‌ఐవీ రిస్కు తరచూ ఉండేవాళ్లకు ముందే వాడే ప్రెప్ మాత్ర ఉంది, డాక్టరును అడగండి. పెళ్లికి ముందు ఇద్దరూ కలిసి చేయించుకుంటే అనుమానానికి తావుండదు. అమ్మాయి ఒక్కదాన్నే చేయించమనడం మాత్రం ఒప్పుకోకండి.

హెపటైటిస్ బి టీకా మొదటి డోసు పడి ఉంటే, రెండోది నెలకు, మూడోది ఆరు నెలలకు. మూడోది ఎక్కువమంది మరిచిపోతారు. ఆ తేదీ కూడా ఇప్పుడే ఫోన్లో ఎక్కించుకోండి.